అడ్డుతెర మీద గొలుసుకుట్టు

పరాంకుశంగారి దగ్గరికి సందేహం తీసుకువెళ్లడం అంత సుఖమైన పని కాదు. ఆయన శాస్త్రం విప్పరు, శ్లోకం చదవరు. చేతిలో ఉన్న తులసిమాలని పక్కన పెట్టి, "ఈ మాట ఎవరితో అనాలో వాళ్లతో అన్నావా?" అని ఒక్కటే అడుగుతారు. అన్నానని చెబితే నవ్వి, కాస్త వడపప్పు చేతిలో పోస్తారు. అనలేదని చెబితే మాత్రం, అమ్మలారా, అయ్యలారా, ఆ మనిషికి మర్నాటి పొద్దున పని పడిందన్నమాటే.

ఆ సంగతి తెలిసి తెలిసీ వకుళ ఒక మధ్యాహ్నం ఆయన ముందు కూర్చుంది. రామాలయం మంటపంలో అప్పటికి ఇంకెవరూ లేరు.

"గురువుగారూ, పెద్దవాళ్లు చేతిలో పెట్టిన విద్యని మనం మార్చవచ్చునా? మారిస్తే అది ద్రోహమవుతుందా?"

"ఏ విద్యమ్మా?"

"గొలుసుకుట్టండీ."

ఇంకొకరైతే నవ్వేవారేమో. ఆయన నవ్వలేదు. ఆ కుట్టు ఎవరిదో, దేని మీదిదో ఆయనకి తెలుసు.

మీకూ తెలియాలి కదా, చెబుతాను. ఆ ఊళ్లో శ్రీరామనవమి కల్యాణానికి సీతమ్మకీ రామయ్యకీ మధ్య పట్టే అడ్డుతెరని ఏటేటా కొత్తగా కుట్టి ఇచ్చేది వకుళ మేనత్త చూడామణమ్మ. తెల్లటి నేతగుడ్డ, దాని మీద ఆకుపచ్చటి లత, లత నిండా ఎర్రటి మొగ్గలు. అంతా గొలుసుకుట్టే. మీలో సూది పట్టిన తల్లులకి నేను చెప్పనక్కర్లేదు. దారం పైకి వచ్చిన చోటే సూదిని మళ్లీ దింపి, దారాన్ని చిన్న ఉంగరంలా నిలిపి, ఆ ఉంగరంలోంచే సూదిని పైకి తేవాలి. ఒక ఉంగరాన్ని ఇంకో ఉంగరం పట్టుకుంటుంది. ఒక్కొక్కటీ నువ్వుగింజంత. తల్లి లేని వకుళని పెంచిందీ, ఆ కుట్టు నేర్పిందీ చూడామణమ్మే. "వంకరపోతే విప్పెయ్. ఇది నీ జాకెట్టు కాదే, సీతమ్మ తెర" అని తొడ మీద ఒక్కటి వేసి మరీ నేర్పింది.

అలాంటి మనిషి చూపుని నీటికాసుల జబ్బు పట్టుకుపోయింది. తెర వకుళ చేతికి వచ్చింది. చూడామణమ్మ కళ్లు లేకుండా అన్నం వార్చడం నేర్చుకుంది, తులసికోట చుట్టూ గోడ తడమకుండా తిరగడం నేర్చుకుంది. కానీ కుట్టువేళకి వచ్చి వకుళ పక్కన చాప మీద కూర్చుంటే, ఆవిడ చేతులకి పని ఉండేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ, లేని దారానికి ముడి వేస్తూ ఉండేవి. వకుళ అటు చూసేది కాదు. చూస్తే తన సూది కదలదు.

ఈ ఏడు మాత్రం ఒక చిత్రం జరిగింది. లతకి ఆకులు సన్నంగా వస్తున్నాయి, నిండుదనం లేదు, ఏం చేద్దామా అని వకుళ ఒక పాత పంచెముక్క ఒళ్లో వేసుకుని కుట్టుతో ఆడడం మొదలుపెట్టింది. సూదిని ఉన్నచోట కాకుండా వెనక్కి దింపి చూసింది. గొలుసు మెలిక తిరిగింది. ఉంగరానికీ ఉంగరానికీ మధ్య చిన్న ముడి వేసి చూసింది. మల్లెమొగ్గలు గుచ్చినట్టు వచ్చింది. బాగుంది, కానీ ఆకు కాదు. ఇక దారం పోగులన్నీ కలిపి లావుగా ఎక్కించి, సూదిని వేలి వెడల్పంత పక్కకి దింపి, ఉంగరాన్ని బిగించకుండా వదులుగా ఉంచింది. గొలుసు కాస్తా విచ్చుకుని బుల్లి నిచ్చెన అయి కూర్చుంది! పంచెముక్కని దూరంగా పట్టుకుని చూసుకుంది, దగ్గరగా పట్టుకుని చూసుకుంది. దానికి నిచ్చెన గొలుసని పేరు పెట్టుకుని తనలో తను నవ్వుకుంది.

పంచెముక్క మీద ఆగితే ఈ కథ లేదు. చేతికి రుచి తగిలాక ఆగుతుందా? తెర మీది ఆకులన్నీ నిచ్చెన గొలుసుతోనే నింపుకుంటూ పోయింది.

రోజూ సాయంత్రం చూడామణమ్మ అడిగేది.

"గొలుసేనా?"

"గొలుసే అత్తా."

"నేను నేర్పిందేనా?"

"నువ్వు నేర్పిందే."

మొదటి జవాబు నిజానికి దగ్గర. రెండోది అబద్ధం. చూపు లేని మనిషితో ఆడిన అబద్ధం కావడంతో అది వకుళకి అన్నం సహించనివ్వలేదు. విప్పేద్దామంటే నవమి దగ్గరపడింది. చెబుదామంటే, ఆ ఇంట్లో అత్తకి ఇంకా తనదని చెప్పుకోవడానికి మిగిలింది ఆ కుట్టు ఒక్కటే. అందుకని గురువుగారి దగ్గరికి వచ్చింది.

అంతా విని ఆయన తులసిమాల పక్కన పెట్టారు.

"ఈ మాట ఎవరితో అనాలో వాళ్లతో అన్నావా?"

"లేదండీ."

"అయితే రేపు పొద్దున తెర తీసుకురా. మీ అత్తనీ తీసుకురా."

"అమ్మో! ఆవిడ నన్ను చంపేస్తుంది గురువుగారూ."

"చంపదులే. సీతమ్మ పెళ్లి పెట్టుకుని మైల తెచ్చుకునే మనిషి కాదు."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. వకుళ చేతిలో మూట, ఆ చేతి మణికట్టు మీద చూడామణమ్మ చెయ్యి. దణ్ణాలయ్యాక గురువుగారు తెరని ఆవిడ ఒళ్లో పరిచారు.

"చూడామణమ్మా, ఈ ఏటి తెర ఎలా ఉందో చూసి చెప్పు."

"బాగుందయ్యా వేళాకోళం! కళ్లున్న తమరుండగా నేను చూడడమేమిటి?"

"నా కళ్లకి రంగులే తెలుసు తల్లీ. కుట్టు నీ వేళ్లకి తెలుసు."

ఆవిడ నవ్వి, చీర చెంగుకి చెయ్యి తుడుచుకుని, గుడ్డ మీద పెట్టింది. వేలు లతకాడ వెంట నడిచింది. "ఊఁ," అంది. ఒక మొగ్గ చుట్టూ తిరిగింది. "ఊఁ, బాగుంది. ఇక్కడ కొంచెం లాగావు." ఆకు దగ్గరికి వచ్చింది. వేలు ఆగిపోయింది.

వకుళ కళ్లు మూసుకుంది.

"ఇదేమిటే?"

"గొలుసే అత్తా. కొంచెం... వెడల్పు చేశాను."

"నేను నేర్పిందేనా అని రోజూ అడిగాను కదే. రోజూ అవునన్నావు."

"అత్తా..."

"గుడ్డిది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నావు."

"అంత మాట అనకత్తా. నిన్ను నొప్పించలేక..."

"నా కళ్లు ఆ పైవాడు తీసుకున్నాడు. ఆయన్ని అడగడానికి లేదు. ఉన్న కాస్తా నువ్వు పట్టుకుపోతున్నావేమే?"

ఆ మాట ఆవిడ అరిచి అనలేదు. అరిచి ఉంటే వకుళ తట్టుకునేది. మూటలోంచి కత్తెర తీసి, తెర అంచు తన వైపు లాక్కుంది. "విప్పేస్తాను. ఇప్పుడే, నీ ఎదురుగానే అన్నీ విప్పేస్తాను," అంటూ దారం కోసం వెతుకుతుంటే ఏడుపు అడ్డం వచ్చి ఏదీ కనిపించలేదు. పరాంకుశంగారు చూస్తున్నారు గాని వద్దనలేదు, కానిమ్మనీ అనలేదు.

"ఉండు," అంది చూడామణమ్మ. "లాగకు."

ఆవిడ బొటనవేలి గోరు ఆకు మీద ఒకచోట చిక్కుకుంది. మెల్లగా విడిపించుకుంది. మళ్లీ అక్కడే పెట్టింది. పక్కదానిలో పెట్టింది. ఆ పక్కదానిలో. చీకట్లో మెట్లు దిగే మనిషి పాదంతో వెతికినట్టు, ఒక్కొక్క ఉంగరంలో గోరు ఆనించుకుంటూ ఆకు పొడుగునా వెళ్లింది.

"దీనికి లోపల ఖాళీ ఉందే," అంది. "నా గోరు పడుతోంది."

ఆకు కొస ఇంకా పూర్తి కాలేదు. దారం అక్కడే వేలాడుతోంది, దానికి సూది.

"సూదేదీ?"

"అత్తా?"

"సూది ఇవ్వవే. నీ అబద్ధం సంగతి ఇంటికెళ్లాక తేలుస్తాను. ముందు సూది ఇలా తే."

వకుళ సూదిని ఆవిడ వేళ్ల మధ్య పెట్టింది. చూడామణమ్మ ఎడమచేతి గోటితో చివరి ఉంగరాన్ని తెరిచి పట్టుకుంది. ఆ గోటి వెంబడే సూదిని జార్చి కిందికి దింపింది. కింద అరచేత్తో అందుకుని, పక్కకి తిప్పి, పైకి తెచ్చింది. దారం గుడ్డలోంచి సాగి వచ్చే చప్పుడు ఆ మంటపంలో చక్కగా వినిపించింది. వచ్చిన మెట్టు పొట్టిది, కాస్త వాలింది కూడా. తడిమి చూసుకుంది. రెండోసారి సూది వేలికి గుచ్చుకుంది.

"అయ్యో, చూసుకో అత్తా!"

"గుచ్చుకోనీ. పాత చుట్టరికమే."

వేలు నోట్లో పెట్టుకుని తీసి, మళ్లీ కుట్టింది. మూడోది తిన్నగా కూర్చుంది. అమ్మలారా, ఆ నువ్వుగింజంత గొలుసు కళ్లున్నన్నాళ్లే ఆవిడకి లొంగింది. ఈ అల్లరి గొలుసు ఇప్పుడు గోటికి దారి ఇచ్చింది. వకుళ ఆకు నిండుగా ఉండాలనుకుని కుట్టింది గాని, ఇందుకని కుట్టిందా? ఆ రామయ్యకే తెలియాలి. కత్తెర ఎప్పుడు కింద పెట్టిందో వకుళకి గుర్తు లేదు.

కుడుతూ కుడుతూ చూడామణమ్మ ఆకు కొసకి వచ్చింది. అక్కడ నిచ్చెన సన్నబడాలి, ముగియాలి. గోటితో అటూ ఇటూ వెతికింది. సూది గాలిలో ఆగింది. ఎక్కడ దింపాలో ఆవిడకి తెలియలేదు. వకుళ వైపు మొహం తిప్పింది.

"ఇప్పుడెక్కడ దింపాలే? చెప్పు."

జీవితంలో అత్త తనని కుట్టు గురించి అడగడం అదే మొదటిసారి. వకుళ చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ పరాంకుశంగారి వైపు చూసింది.

"గురువుగారూ, నిన్న నేను అడిగినదానికి..."

ఆయన అప్పటికే తులసిమాల చేతిలోకి తీసుకున్నారు.

"నన్ను తర్వాత అడుగుదువుగాని తల్లీ. ముందు ఆవిడ అడిగినదానికి చెప్పు."