రెండో వరుస కుట్టు

ఆ వేసవిలో రాజుగారి బావమరిది వీరమల్లు గాలి ఊదిన తోలుతిత్తులు చేయించి బజార్లో అమ్మించాడు. వాటి మీద చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఏట్లో వదిలితే తేలతారట. ఊరంతా ఎగబడి కొంది.

ఒకనాటి మధ్యాహ్నం, పడవ నడిపే నూకాలు మనవరాలు కూర్చున్న తిత్తి నడి ఏట్లో కుట్టు విడిపోయి బుస్సుమంది. నూకాలు దూకి జుట్టు పట్టుకుని లాగబట్టి పిల్ల దక్కింది. ఎండ తగ్గిందంటే ఊళ్లో పిల్లలంతా ఆ తిత్తులతోనే ఏటికొస్తారు. ఫిర్యాదు చేద్దామంటే, వీరమల్లు సరుకుకి వంకపెట్టినవాళ్లకి కొరడా దెబ్బలే.

నూకాలు తడిచీరతోనే సభకి పరిగెత్తింది.

"మారాజా, మీ బావమరిదిగారి తిత్తులు మహా గొప్పవి. రేపు మీ చినబాబుగారిని తొలిసారి ఏట్లో దింపుతున్నారు కదా! బజార్లో అమ్మే తిత్తి మీదే కూర్చోబెడితే మేమంతా మురిసిపోతాం" అంది.

రాజు సంబరపడి, "ఒకటి తెప్పించు వీరమల్లూ" అన్నాడు.

వీరమల్లు ముఖం పాలిపోయింది. "బజారుది వద్దు బావగారూ! బాబుకి రెండు వరుసల కుట్టుతో వేరే చేయిస్తాను."

"ఆ రెండో వరుస దేనికి బాబయ్యా?" అంది నూకాలు.

రాజుకి అంతా అర్థమైంది.

"వీణ్ణి బంధించండి! అమ్మిన తిత్తులన్నీ వెనక్కి తెప్పించండి! నూకాలూ, ఏం బహుమానం కావాలో కోరుకో."

నూకాలు గుమ్మం బయటికి చూసింది. నీడలు సాగిపోతున్నాయి.

"గుమ్మం పక్కనున్న ఆ దండోరా డప్పు ఇటు ఇప్పించండి మారాజా. పిల్లలు ఈపాటికి ఏటికి బయల్దేరి ఉంటారు."