మంచం కోడు కింది పుస్తకం

వరదరాజులుకు ఎదురు మాట పడదు. నలభై ఊళ్ల పాడి రైతులు కలిసి పెట్టుకున్న పాల కంపెనీకి అతను ఛైర్మన్. బోర్డులో తొమ్మిదిమంది తలూపుతారు. గంగులమ్మ ఒక్కతే ప్రతి తీర్మానానికీ "ఎందుకు?" అంటుంది. మూడేళ్లుగా అదే మాట.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆమెను బోర్డు నుంచి తప్పించాలని నోటీసు రాయించాడు. అతని సంతకం ఒక్కటే మిగిలింది. ఎందుకో చెయ్యి ఆడలేదు. నోటీసు జేబులో పెట్టుకుని గురువు దగ్గరికి కొండెక్కాడు.

దస్తగిరి సాయిబు నూలు మిల్లులో కూలిగా చేరి, ముప్పయ్యో ఏట అక్షరాలు దిద్దుకున్న మనిషి. మిల్లు మూతపడితే, దెబ్బలు తిని, జైలుకెళ్లి, కార్మికుల చేతనే దాన్ని మళ్లీ తెరిపించాడు. వరదరాజులుకు కంపెనీ నడపడం నేర్పింది ఆయనే.

కొండ మీద మధ్యాహ్నమే మబ్బు దిగింది. ఒక కిటికీలోంచి లోపలికొచ్చి, మంచం మీద కూర్చున్న ముసలాయన్ని తాకి, ఇంకో కిటికీలోంచి తాపీగా వెళ్లిపోతోంది. ఎక్కడో మేకల మెడగంటలు. అవి కిందున్నాయో, మబ్బులో పైనున్నాయో తెలియడం లేదు. ఆయన కదిలినప్పుడల్లా మంచం కోడు టక్కుమంటోంది.

"సాయిబూ, కంపెనీని ఇంకా బాగా నడపాలి. ఏం చదవమంటారు?"

"ఇన్నాళ్లకు అడిగావా! రాసుకో. ముందు కంపెనీ చట్టం. నిద్రొస్తే మొహం కడుక్కుని చదువు. డైరెక్టర్ల బాధ్యతల మీద ఒక లావు పుస్తకం ఉంది, పట్టుకెళ్లు. తర్వాత, మూతపడిన కంపెనీల మీద వేసిన విచారణ నివేదికలు. అవి మాత్రం రెండుసార్లు! బతికినవాళ్లు గొప్పలు రాసుకుంటారు. మునిగినవాళ్ల కాగితాలే నిజం చెబుతాయి."

"అయ్యాక?"

"అయ్యాక బుర్ర వేడెక్కుతుంది. అప్పుడు పొడుపుకథలు చదువు. మేకల పెంపకం మీద ఒకటుంది, బొమ్మలు బాగుంటాయి. ఆ పైన ఇదిగో, నా ప్రాణం." దిండు కింద నుంచి ఒక డిటెక్టివ్ నవల తీశాడు.

అట్ట ఊడిపోయింది. ప్రతి పేజీ అంచునా పెన్సిల్ రాతలు. వరదరాజులు మబ్బు వెలుగులో చదివాడు. 'హంతకుడు డాక్టరు కాదు. మీకేం తెలీదు.' దాని కింద వేరే చేతిరాత: 'డాక్టరే. నోర్మూసుకో.' దాని కింద మళ్లీ మొదటి చెయ్యి: 'పందెం. ఓడితే వారం రోజులు రొట్టెలు మీరే.'

"హుసేన్‌బీ," అన్నాడు సాయిబు. ఆయన భార్య. పోయి పదకొండేళ్లు.

"పందెం ఎవరు గెలిచారు?"

"రొట్టెలు కాల్చడం నాకెలా వచ్చిందనుకున్నావ్?"

వరదరాజులు నవ్వుతూనే నోటీసు తీసి చూపించాడు. గంగులమ్మ సంగతి చెప్పాడు. "ఆవిడ గడప దాటితే బోర్డు ఒక్క గొంతుతో నడుస్తుంది సాయిబూ."

"ఆమె తప్పు మాట్లాడుతుందా?"

"బోలెడుసార్లు."

"ఎప్పుడైనా ఒప్పు?"

వరదరాజులు నోటీసును ఆయన ముందుకు జరిపాడు. పోయిన వేసవిలో గంగులమ్మ అడ్డుపడకపోతే, చుక్క నీళ్లు లేని ఊళ్లో పాల కేంద్రం కట్టేసేవాళ్లే.

సాయిబు ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయి మింగేశాడు. నోటీసు ముట్టుకోలేదు.

వరదరాజులు మాట మార్చాడు. "ఈ పుస్తకం చిరిగిపోయింది. కొత్తది తెచ్చిపెడతాను."

"కొత్తది ఉంది. మా అల్లుడు తెచ్చాడు. మంచం కోడు కింద చూడు."

వంగి లాగాడు. మంచం ముసలాయనతో సహా ఓ పక్కకు ఒరిగింది. అదే నవల. పేజీలు తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి.

"ఇదీ అదే కథ కదా. చదవరా?"

"రెండు పేజీలు చదివా. దాంట్లో నాకు ఎదురు చెప్పే మనిషే లేదు నాయనా."

మబ్బు గదంతా నిండింది. కాసేపు వాళ్లిద్దరూ ఒకరికొకరు కనబడలేదు. మేకల గంటలు మాత్రం మోగుతున్నాయి.

గది తేటపడేసరికి వరదరాజులు నేల మీద మోకాళ్లూని ఉన్నాడు. నోటీసును రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచాడు. కొత్త పుస్తకాన్ని మళ్లీ కోడు కిందికి తోసి, దాని మీద ఆ మడత పెట్టాడు.

సాయిబు మంచం మీద అటూ ఇటూ కదిలి చూశాడు.

ఈసారి టక్కుమనలేదు.