గొర్రె చేసిన పాపం

యూరియా బస్తాలు ఇంకా మా వైపు రాని రోజుల్లో, కోతలు కాగానే గొర్రెల మందలు పొలాల్లో దిగేవి. చుట్టూ ముళ్లకంప కట్టి మందను అక్కడే పడుకోబెట్టేవారు. నేలకు ఎరువు, కాపరికి గింజలు. ఆ అరుపులకే మాకు తెల్లవారేది. ఆ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నా మనసు ఆగదు. అప్పట్లో జంతువులు కూడా మనకంటే బాగా మాట్లాడుకునేవి లెండి.

అలాంటి ఒక మందలో బొల్లి గొర్రె ఉండేది. దాని కవల పిల్లల్లో ఒకటి అకాల వానకు తడిసి చచ్చిపోయింది. రెండోది కుంటుతూ మిగిలింది.

సాయంత్రం నక్క వచ్చి కంప అవతల కూలబడి కళ్లు తుడుచుకుంది.

"విన్నాను చెల్లీ. కడుపు తరుక్కుపోయింది. ఇంతకీ ఏం పాపం చేశావు?"

"నేనా? ఏమీ చెయ్యలేదన్నా!"

"చెయ్యకుండానే దేవుడు కొడతాడా? ఆయన న్యాయం తప్పాడంటావా? బాగా గుర్తు చేసుకో."

గొర్రె బెదిరిపోయింది. "దారిలో ఎవరిదో జొన్నచేలో ఓసారి మూతి పెట్టాను..."

"అదీ సంగతి! నీ పాపం తగిలి ఈ కుంటిది కూడా బతకదు. దీన్ని కంప అవతల పెట్టెయ్. దేవుడు చూసుకుంటాడు."

దేవుడి తరఫున తానే చూసుకుందామని నక్క ఉద్దేశం. పిచ్చితల్లి నిజంగానే పిల్లను మూతితో కంప వైపు నెట్టసాగింది.

పక్కనే నెమరేస్తున్న ముసలి ఎద్దుకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"నక్కబావా, పెద్ద మాటే అన్నావు. వాళ్లమ్మ పాపానికే ఇదంతా అని ఆ పిల్ల తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టు. నేనే పిల్లను నీకు అప్పగిస్తాను."

ఒట్టంటే నక్కకు భయమా? తల మీద చెయ్యి వేస్తే, నోటికి మెడ ఎంత దూరం! కంప సందులోంచి దూరి లోపలికొచ్చింది. చెయ్యి ఎత్తిందో లేదో, ఎద్దు పొట్ట చాటున పడుకున్న మందకుక్క లేచి దాని తోక కరిచి పట్టుకుంది.

"అయ్యో, నేనేం పాపం చేశాను!"

"బాగా గుర్తు చేసుకో బావా," అంది ఎద్దు.

సగం తోక అక్కడే వదిలేసి నక్క పరుగు లంకించుకుంది. మందంతా నవ్వింది. గొర్రె మాత్రం నవ్వలేదు.

"తాతా, మరి నా బిడ్డ ఎందుకు పోయింది?"

"తెలియదమ్మా. నా పాత ఆసామి అరుగు మీద గ్రంథం చదువుతుంటే వినేవాణ్ణి. అందులో ఓ మంచివాడికి పిల్లలంతా పోతారు. తప్పు నీదేనని స్నేహితులు వాదిస్తారు. చివరికి దేవుడు వాళ్లనే కోప్పడతాడు. పిల్లలు ఎందుకు పోయారో మాత్రం ఆయనా చెప్పలేదు."

"ఆ స్నేహితులు ఒక్క మంచిపనైనా చెయ్యలేదా?"

"చేశారు. నోరు విప్పకముందు, ఊరికే అతని పక్కన కూచున్నారు."

ఎద్దు గాలి వీచే వైపుకు జరిగి, తల్లీపిల్లలకు అడ్డంగా పడుకుంది. మళ్లీ మాట్లాడలేదు.

నీతి: ఏడ్చేవాళ్ల పాపాలు వెతక్కండి, వాళ్ల పక్కన కూచోండి.