మంత్రిగారి "సరే"

సింగారపురం రాజు చిత్రసేనుడికి పాటలంటే పిచ్చి. సెల్‌ఫోన్‌లో వింటాడు, వింటూ తనూ గొంతు కలుపుతాడు. రాజుల కాలంలో ఫోనేమిటని అడక్కండి, కథ నాది.

ఒకరోజు రాజు కళ్లు మూసుకుని తల ఊపుతుంటే, పాటకీ పాటకీ మధ్య పళ్లపొడి ప్రకటన దూరింది. రాజుకి ఒళ్లు మండింది.

"ఈ పళ్లపొడి పీడ వదిలించినవాడికి ముత్యాలహారం ఇస్తాను," అన్నాడు.

విదూషకుడు వల్లభయ్య లేచాడు. "పాటల యాప్‌కి చందా కట్టండి ప్రభూ. పీడా పోతుంది, పాడినవాళ్లకీ నాలుగు మెతుకులు దొరుకుతాయి."

మంత్రి మార్తాండశర్మ పకపకా నవ్వాడు. "రాజుగారు చందా కట్టడమేమిటయ్యా? ఆ యాప్‌నే ఎవరో తెలివిగా మార్చారు, అది నా దగ్గరుంది. ప్రకటనలుండవు, పైసా ఖర్చుండదు."

రాజుగారి ఫోన్ అందుకుని ఆ యాప్ ఎక్కించాడు. అది ఏదో అడిగినప్పుడల్లా చదవకుండానే "సరే" నొక్కేశాడు. పాటలు ఆగకుండా మోగాయి.

"అది దొంగ యాప్ ప్రభూ. దాంతో చిక్కుల్లో పడతారు," అన్నాడు వల్లభయ్య.

"ఏం చిక్కో రేపు సభలో చూపించు. చూపించలేకపోతే హారం మంత్రిగారికి, నీ పదవి ఆయన బావమరిదికి," అన్నాడు రాజు.

ఆ పదవి పోతే వల్లభయ్య ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. తిన్నగా పాటగాడు సిద్ధప్ప దగ్గరికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం సిద్ధప్ప తంబూర మీటుకుంటూ మంత్రి ఇంట్లో దిగాడు.

"ఊరికే పాడతాను దొరా. ఈ రాత్రికి మీ ఇంట్లోనే ఉండొచ్చా?"

"సరే, పాడు."

"మీ మాటలు వినొచ్చా?"

"సరే సరే."

"విన్నది నలుగురికీ చెప్పుకోవచ్చా?"

"సరేనయ్యా బాబూ, ముందు పాట అందుకో."

మర్నాడు సభలో సిద్ధప్ప తంబూర అందుకున్నాడు.

"రాజుగారు గొంతెత్తితే పాలు విరుగుతాయంట... మంత్రిగారు రాత్రి భార్యతో అన్నారంట..."

మంత్రి గభాలున లేచాడు. "నా ఇంట్లో మాటలు వినమని వీడికెవడు చెప్పాడు?" అని అరిచాడు.

వల్లభయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"తమరే 'సరే' అన్నారు మంత్రిగారూ. యాప్‌కీ అలాగే అన్నారు. నిన్నట్నుంచి అది రాజుగారి పడగ్గదిలో కూర్చుని వింటోంది."

రాజు తన చేతిలోని ఫోన్‌ని తేలుని చూసినట్టు చూశాడు.

"అయితే రాత్రి మహారాణి కాకరకాయ పులుసు గురించి నేనన్నది కూడా..."

తెర వెనక గాజులు గలగలలాడాయి. సభ గొల్లుమంది.

"ముందు దీన్ని పీకెయ్యండి, చందా కట్టండి," అంటూ రాజు హారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు. తర్వాత మంత్రి వైపు తిరిగాడు.

"మంత్రిగారూ, ఇకమీదట రోజూ సాయంత్రం నేను పాడతాను, మీరు వింటారు. పైసా ఇవ్వక్కర్లేదు."

మంత్రి చేతులు జోడించాడు.

"సరే... ప్రభూ."