చల్లగా ఉన్న చెప్పులు

దస్తగిరికి ఆ ఏడు రెండు కష్టాలొచ్చాయి. ఒకటి, చేతినిండా డబ్బు. రెండు, కొత్త చెప్పులు.

దస్తగిరి బ్యాండు మేళం యజమాని. క్లారినెట్ తనే ఊదుతాడు, బేరం తనే మాట్లాడతాడు, పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం మొరాయిస్తే దాన్ని బుజ్జగించేదీ తనే. నెల తిరిగేసరికి జీతం ఇచ్చే దొర ఎవడూ లేడు. ముహూర్తాలున్నన్నాళ్ళూ దర్జా. మూఢమొచ్చి, దాని వెనకే ఆషాఢం కూడా వచ్చిందంటే, క్లారినెట్ గోడకి, తను మంచానికి.

ఈసారి పెళ్ళిళ్ళు దండిగా కుదిరి పెద్ద మొత్తమే మిగిలింది. పోయినేడూ మిగిలింది గానీ, దాన్ని జేబులోనే పెట్టుకు తిరిగాడు. జేబులో డబ్బుందని బామ్మర్దికి ఎట్లా తెలుస్తుందో దేవుడికే ఎరుక. ఆ డబ్బు ఇప్పుడు మోటారు సైకిలై బామ్మర్ది కింద తిరుగుతోంది. ఆషాఢంలో చేతిలో ఇంత పెట్టలేకపోయేసరికి డోలువాడు కాస్తా పక్క ఊరి మేళంలో తేలాడు. ఈ ఏడు కూడా అంతే జరిగితే మేళంలో మిగిలేది క్లారినెట్ ఒక్కటే.

చెప్పుల సంగతీ అట్లాంటిదే. పోయినేడు ఉరుసు పండగకి దర్గా మెట్ల మీద వదిలిన జత మళ్ళీ కనిపించలేదు. అందుకని ఈ కొత్త జతని గుడ్డసంచిలో వేసి, దర్గాకి వచ్చినప్పుడల్లా చంకలో పెట్టుకుంటాడు. వాకిట్లో ఫాతిమాబీ అని ఒక పెద్దామె కూర్చుని, చెప్పులు తీసుకుని బిళ్ళ ఇస్తుంది. ఆమెకి ఇవ్వొచ్చు కదా అంటే, "ఆమె కునుకు తీస్తే?" అంటాడు.

ఆ గురువారం పొద్దున అతను గుట్టెక్కి, దర్గా పక్క గదిలో ఉండే జలాలుద్దీన్ బాబా ముందు కూర్చున్నాడు. బాబా మొహంలో ముప్పావు వంతు గడ్డం, మిగతాది నవ్వు. దస్తగిరి ఏ పని చేసినా ఈ గురువుకి చెప్పే చేస్తాడు. చెప్పడమంటే, అంతా తనే తేల్చేసుకున్నాక చెప్పడం.

"బాబా, డబ్బంతా ఐదేళ్ళ పథకంలో వేసేస్తాండా. బామ్మర్ది కాదు గదా, నేను కూడా ముట్టుకోలేను. ముందే తీస్తే కోత పెడతారంట. మీద వచ్చేది కూడా ఎక్కువే. మధ్యాహ్నం వాళ్ళ ఆఫీసు మూసేలోపల పోయి కట్టేయాల. మీరు దీవిస్తే చాలు."

"మదార్బీ ఏమంటాది?"

మదార్బీ అతని భార్య. ఆ పేరు వినగానే దస్తగిరి మొహం ముడుచుకుంది.

"బ్యాంకులో మామూలు ఖాతా ఉంటాదంట, అడిగిన రోజు ఇస్తారంట, దాంట్లో వేయమంటాది. దాని మీద వచ్చేది చీమ తలకాయంత. ఆషాఢంలో ఏం తిందామని అడుగుతాది. ఒళ్ళు మండి, గాలి తిందామన్నా."

"నువ్వు జాగ్రత్తపరుడివి అబ్బీ," అన్నాడు బాబా. "చంకలో ఏంది?"

"చెప్పులు బాబా."

"చంకలో ఏం భద్రం? ఇట్లియ్."

బాబా మూలనున్న ట్రంకుపెట్టె తెరిచి, చెప్పుల్ని అందులో పెట్టి, తాళమేసి, తాళంచెవి నడుముకి దోపుకున్నాడు. "వచ్చే ఉరుసుకి తీసుకో. మీద ఒక పాలిష్ డబ్బా కూడా ఇస్తా."

గురువు తన చెప్పులు చేత్తో పట్టుకోవడం చూసి దస్తగిరి రెండు చేతులూ జోడించాడు. ఇదేదో దీవెనే అనుకున్నాడు. ఆ మాటా ఈ మాటా చెప్పి, ఎండ నెత్తికెక్కాక మొక్కి లేచాడు.

దర్గా ముందంతా కడప నాపరాళ్ళు పరిచారు. పొద్దున చల్లగానే ఉన్న ఆ నల్లటి రాళ్ళు ఇప్పుడు దోసె పోస్తే కాలేటట్టున్నాయి. దస్తగిరి నాలుగడుగులు వేశాడు. ఆపైన వేసినవి అడుగులు కావు. ఊరేగింపులో తాగినవాళ్ళు కూడా వేయని చిందులేసుకుంటూ వెనక్కొచ్చి గడప లోపల పడ్డాడు.

"బాబా, కాళ్ళు కాలతాండాయి."

"చెప్పులు మాత్రం చల్లగా ఉండాయి అబ్బీ."

"ఒక్కసారి పెట్టె తీయండి బాబా."

"గడువు ఉరుసు కదా. ముందే తీస్తే ఒక చెప్పు దర్గాకి."

"ఒక చెప్పుతో ఏం చేసుకునేది?"

"ఒక కాలు కాలదు."

దస్తగిరి గడపలో చతికిలబడ్డాడు. ఆఫీసు మూసే వేళవుతోంది. ఎదురుగా దర్గా గడప పక్కనే, నీడలో ఫాతిమాబీ. ఒకాయన బిళ్ళ ఇచ్చి, చెప్పులు తొడుక్కుని, మెట్ల దాకా పోయి, గొడుగు మరిచిపోయానని వెనక్కొచ్చాడు. మళ్ళీ చెప్పులిచ్చాడు, మళ్ళీ బిళ్ళ తీసుకున్నాడు. గొడుగు దొరికాక మళ్ళీ వచ్చాడు. ఆమె ఏమీ విసుక్కోలేదు. ఒక చెప్పు ఉంచుకుంటానని అనలేదు. కునుకూ తీయలేదు. దస్తగిరి ఒట్టికాళ్ళ వంక చూసి, "చంకలో సంచి ఏమాయ నాయనా?" అని మాత్రం అడిగింది.

రాళ్ళు చల్లారేసరికి పొద్దు వాలింది. ఆఫీసు ఎప్పుడో మూసేశారు. బాబా పెట్టె తీసి రెండు చెప్పులూ ఇచ్చాడు. పాలిష్ డబ్బా ఇవ్వలేదు.

"ఆఫీసు రేపు పొద్దున్నే తెరుస్తారులే," అన్నాడు.

దస్తగిరి చెప్పులు తొడుక్కుని, ఒకసారి ఫాతిమాబీ వైపు చూసి, గుట్ట దిగాడు.

మరుసటి గురువారం అతను చంకలో సంచి లేకుండా వచ్చాడు. వెంట పాత డోలువాడున్నాడు. ఆషాఢం గడిచేందుకు చేతిలో ఇంత పడిందని వాడి మొహమే చెబుతోంది.

"డబ్బు ఎక్కడ పెట్టినావు అబ్బీ?" అన్నాడు బాబా.

దస్తగిరి గుప్పిట విప్పాడు. అందులో ఫాతిమాబీ ఇచ్చిన బిళ్ళ ఉంది.

"బ్యాంకులో మీద వచ్చేది చీమ తలకాయంతే కదా?"

"చీమ తలకాయంతే బాబా."

బాబా ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ దస్తగిరి అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

"మీ బామ్మర్దికి మాత్రం చూపించొద్దు."