కండె కోసం చాచిన చెయ్యి

కోటిదాసుగారిని ఏదైనా అడిగితే ఒక పట్టాన జవాబు చెప్పరు. కళ్లు మూసుకుని కాసేపు కూనిరాగం తీస్తారు. ఆనక అడిగినవాణ్ణే తిరిగి ఏదో ఒకటి అడుగుతారు. శిష్యుడు నాసరయ్యకు ఈ సంగతి తెలియంది కాదు. అయినా ఆ మధ్యాహ్నం గురువుగారు తన ఇంటికొచ్చి మగ్గం పక్కన చాప మీద కూర్చోగానే, ఉండబట్టలేక అడిగేశాడు.

అతని భార్య సామ్రాజ్యం ఇల్లు విడిచి మూడు నెలలైంది. అక్కగారింట్లో తలదాచుకుని, భరణం ఇప్పించమని కోర్టుకు వెళ్లింది. సోమవారం వాయిదా. ఇంతకీ ఆమె వెళ్లిపోవడానికి కారణం పెద్దదేం కాదట! నా రెక్కల కష్టం కూర్చుని తింటోందని నలుగురిలో ఒక మాట అన్నాడట, అంతే. పదిహేనేళ్ల కాపురంలో అలాంటివి సవాలక్ష అనుకుంటారు, దానికే వెళ్లిపోవాలా అని ఇతగాడి ఉక్రోషం. తను ఇవ్వనని మొండికేస్తే ఆమెకు పూట గడవదని తెలుసు. అందుకే మనసు కుదుటపడటం లేదు.

"నాతో కాపురం చెయ్యని మనిషికి నేను తిండి పెట్టడం ఏం ధర్మమండీ?"

కోటిదాసుగారు కళ్లు తెరిచి, భుజమ్మీది చిరుగుల కండువా చూసుకుని, నాకో పైపంచె నేసిపెట్టు నాయనా, ఇప్పుడే మొదలుపెడితే చూస్తాను అన్నారు.

నాసరయ్య మగ్గం గుంటలోకి దిగాడు. ఈమధ్య నేత సాగడం లేదండీ అని వాపోయాడు. నాలుగు రోజుల్లో దిగే చీర ఎనిమిది రోజులైనా దిగడం లేదట, పొద్దున్నంతా పుల్లలకు నూలు ఎక్కించి కండెలు చుట్టుకోవడంతోనే సరిపోతోందట. నూలే మంచిది రావడం లేదని తేల్చేశాడు. గురువుగారు ఊఁ కొట్టారు.

పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా దిగుతోంది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. మగ్గం చప్పుడూ గురువుగారి కూనిరాగమూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నాసరయ్య కళ్లు మూతలు పడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎక్కడో రాట్నం తిరుగుతున్నట్టు, గాజులు మెల్లగా కదులుతున్నట్టు ఉంది. ఇల్లు మునుపటిలా నిండుగా ఉంది. ఎంత హాయిగా ఉందో!

పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు అయిపోయింది.

పొద్దున తను చుట్టుకున్న కండెలు కుడిపక్కన బుట్టలోనే ఉన్నాయి. చెయ్యి అటు పోలేదు. ఎడంచెయ్యి తలుపు వైపు సాగింది, పదిహేనేళ్లపాటు సామ్రాజ్యం రాట్నం ముందు కూర్చుని కండె అందించిన చోటికి. అరచెయ్యి తెరుచుకుని అలాగే నిలబడింది. అందులో ఎవరూ ఏమీ పెట్టలేదు.

నాసరయ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. గాల్లో ఆగిన తన చేతిని తనే చూసుకున్నాడు. చచ్చేంత సిగ్గేసింది. వెనక్కి తీసుకుందామంటే గురువుగారు చూడనే చూశారు.

"ఎంత మాటన్నానండీ దాన్ని," అన్నాడు.

కోటిదాసుగారు పాత కండువా దులిపి భుజాన వేసుకుని లేచారు. గడప దగ్గర ఆగారు.

"పైపంచెకు తొందర లేదులే. సోమవారం జడ్జిగారు అడిగినప్పుడు నువ్వు ఊరుకో నాయనా. ఆ చేతిని చెప్పనియ్యి."