నీలిమడుగు వదులుకున్న బొమ్మలు

ఒకప్పుడు నీటికి మరుపు ఉండేది కాదు. ఎవరు తొంగి చూసినా వాళ్ల బొమ్మ నీటిలో నిలిచిపోయేది. చూసినవాళ్లు తమ దారిన పోయినా బొమ్మ పోయేది కాదు.

ఇదంతా ఏ రాజు కాలంలో జరిగిందో చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. కప్పలు మాత్రం తమ తాతల నాటి సంగతేనంటాయి. కప్పలు ప్రతిదానికీ ఆ మాటే అంటాయి కనుక, కాలం సంగతి పక్కన పెడదాం.

ఆ రోజుల్లో నీలి అనే మడుగు ఉండేది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఒడ్డంతా తుంగ. ఆమె దగ్గర బోలెడు బొమ్మలుండేవి. దాహానికి వచ్చిన ఏనుగు బొమ్మ ఉండేది. తొలకరి మబ్బు బొమ్మ ఉండేది. ఇక రోజూ దిగే గేదె బొమ్మలకైతే లెక్కే లేదు.

"ఒసే నీలీ! మూతి మీద మూతి పడి, పది మూతుల గేదెనయ్యానే!" అని గేదె నవ్వేది.

"కదలకుండా నిలబడితే కదా బొమ్మ కుదిరేది! పొద్దస్తమానం నెమరు వేస్తూనే ఉంటావాయె" అని నీలి విసుక్కునేది.

ఒక చలికాలం ఉదయం క్రౌంచ పక్షుల మంద వచ్చి నీలిమడుగులో దిగింది. అవి మంచుకొండల అవతలి నుంచి వచ్చినవి. బూడిదరంగు ఒళ్లు, పొడుగు మెడలు, అంతకన్నా పొడుగు కాళ్లు. పొద్దు పొడుస్తూంటే మంద మొత్తం ఒక్కసారిగా తలలెత్తి చూసింది. ఆ క్షణం బొమ్మై నీటిలో నిలిచింది. అంత అందమైన బొమ్మ నీలి దగ్గర అంతకుముందు లేదు.

ఎండలు మొదలవగానే పక్షులు వెళ్లిపోయాయి. బొమ్మ ఉండిపోయింది. వేసవంతా నీలి దాన్నే చూసుకుంటూ మురిసింది. తామరాకును కూడా దాని మీదికి పాకనివ్వలేదు. "మళ్లీ ఎప్పుడొస్తారో!" అని ఎదురుచూస్తూ రోజులు గడిపింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆకాశంలో క్రౌంచాల కేకలు వినిపించాయి. నీలి పొంగిపోయింది.

కానీ పక్షులు దిగలేదు. పైపైనే తిరుగుతున్నాయి.

"ఎందుకు దిగరు? నేను కనబడటం లేదా?" అని నీలి కంగారుపడింది.

గేదె వీపు మీద పురుగులు ఏరుకుంటున్న తెల్లకొంగ తల పైకెత్తి చూసింది. "నువ్వు కనబడక కాదమ్మా. క్రౌంచాలకి ఒక మర్యాద ఉంది. ఒక మంద మేస్తున్న నీటిలో ఇంకో మంద దిగదు. పైనుంచి చూస్తే నీ నిండా క్రౌంచాలే. ఎవరో ముందే దిగారనుకుంటున్నారు."

"అయ్యో, అవి వాళ్ల బొమ్మలే కదా!"

"అంత ఎత్తునుంచి చూస్తే బొమ్మేదో పక్షేదో ఎలా తెలుస్తుంది?"

పైన మందకి పెద్దయిన ముసలి క్రౌంచం అంటోంది, "ఇక్కడ చోటు లేదర్రా. పదండి, ఇంకో నీరు వెతుక్కుందాం."

"బాబాయ్, మా బుడ్డిదాని రెక్క వాలిపోతోంది. ఇంక ఎగరలేదు!" అంది ఒక తల్లి.

"ఏం చెయ్యనే అమ్మాయ్? ఒకరి మేతలో దిగడం మన ఇంటా వంటా లేదు."

"దిగండర్రా, ఆ కనబడేది మీరే!" అని నీలి అరిచింది. క్రౌంచాల కేకల్లో ఆ మాట కలిసిపోయింది. చూస్తూండగానే ఆ బుడ్డి కూన మందకి వెనకబడిపోతోంది.

అప్పుడే గాలి వచ్చింది. "అక్కా, నేను తుడిచెయ్యనా? కానీ ముందే చెబుతున్నాను, నాది మోటు చెయ్యి. ఇది ఉంచు, అది చెరుపు అంటే నా వల్ల కాదు. పోతే అన్నీ పోతాయి. ఒకసారి నేను తుడిచిన నీటిలో ఇక ఏ బొమ్మా నిలవదు."

నీలి ఏనుగును చూసుకుంది. తొలకరి మబ్బును చూసుకుంది. తలలెత్తి నిలబడ్డ క్రౌంచాలను ఇంకాసేపు చూసుకుంది.

"నా మూతుల కోసం బెంగ పెట్టుకోకే. అసలుది రేపు కూడా వస్తుంది" అంది గేదె.

పైన కూన ఒక్కసారి జారి, మళ్లీ రెక్క కొట్టుకుంది.

"తుడిచెయ్, తమ్ముడూ" అంది నీలి.

గాలి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క విసురు విసిరింది. నీరంతా అలలు అలలుగా ముడతలు పడింది. అలలు సద్దుమణిగాక చూస్తే ఏనుగూ లేదు, మబ్బూ లేదు. ఖాళీ నీరు మెరుస్తోంది.

"చోటుందర్రా! దిగండి!" అని ముసలి క్రౌంచం కేక వేసింది.

అందరికన్నా ముందు కూన దభీమని పడింది. "అమ్మా, చల్లగా ఉందే!" అని కాళ్లు ఎగరేసింది. ఆ బుల్లి వేళ్లకి నీలికి చక్కిలిగింత పుట్టింది. ఏడాది పొడుగునా చూసుకున్న బొమ్మ ఒక్కనాడూ ఆమెకు చక్కిలిగింత పెట్టలేదు.

ముసలి క్రౌంచం అటూ ఇటూ చూసింది. "ఇందాక ఇక్కడ ఉన్నవాళ్లేరీ?"

"వాళ్లూ మీరే, తాతా. మీకు చోటిచ్చి వెళ్లారు" అంది నీలి.

తాతకు ఏమీ అర్థం కాలేదు. ఆకలి మీద ఉన్నాడేమో, అడగకుండా మేతలో పడ్డాడు.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో నీలి నీరు ఆవిరై మబ్బయింది. మబ్బు ఊరూరా కురిసింది. నీలి గుణం ఏరుకీ, చెరువుకీ, కుండలో నీళ్లకీ అంటుకుంది.

అప్పటినుంచే నీరు ఎవరి బొమ్మనూ దాచుకోదు. ఎదురుగా ఉన్నంతసేపే మన మొహం చూపిస్తుంది, తప్పుకోగానే ఆ చోటు ఖాళీ చేస్తుంది. ఈనాటికీ చలికాలంలో క్రౌంచాలు దిగే చోట మనుషులు తుంగచాటున నక్కి, కెమెరాలతో ఫొటోలు తీసి ఇంటికి పట్టుకుపోతారు. మడుగు దగ్గర ఒక్క ఫొటో కూడా ఉండదు. దాని దగ్గరికి పక్షులే వస్తాయి.